తలుపులు మోసుకెళ్లిన ఊరు

తుమ్మెదమెట్టలో మనుషులెవరూ లేరని ప్రభుత్వం కనిపెట్టిన రోజున నేను ఆ ఊళ్లోనే, వంతల సొంబారి ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. నన్ను లెక్కలోకి తీసుకోలేదు. నేను స్థానికురాలిని కానట. నా పక్కనున్న కుక్క స్థానికమే గానీ దాన్ని లెక్కపెట్టే విభాగం వేరేనట.

నేను నర్సుని. కొండ కింద, గెడ్డకి ఇవతల ఉన్న ఆరోగ్య ఉపకేంద్రంలో నా ఉద్యోగం. గెడ్డంటే మా వైపు కొండవాగు. ఎండాకాలం అందులో మోకాలు తడవదు. వానాకాలం వచ్చిందంటే ఎద్దులబండినైనా దొర్లించుకుపోతుంది. కిందటేడు శ్రావణంలో సొంబారి పెద్దకోడలు నొప్పులు పడుతూ అవతలి గట్టున, నేను సంచీ పట్టుకుని ఇవతలి గట్టున. మధ్యలో గెడ్డ. నేను గొంతు చించుకుని చెప్పిన ఒక్క మాటా ఆ హోరులో వాళ్లకి వినపడలేదు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ రోజు నుంచి ఆ గెడ్డ పేరెత్తితే నాకు ఒళ్లుమంట. ఇప్పుడు చిన్నకోడలు బుద్రి నీళ్లోసుకుంది. ఆషాఢంలో పురుడు. గెడ్డ పొంగేదీ ఆషాఢంలోనే.

అదృష్టం కొద్దీ వంతెన మంజూరైంది. ఇనుప దూలాలు లారీలో వచ్చి గట్టున పడ్డాయి కూడా. ఇక బిగించడమే తరువాయి అనుకుంటుండగా పైనుంచి ఒక కొత్త నిబంధన ఊడిపడింది. జనం లేని ఊళ్లకీ, పనీపాటా లేని జనానికీ వంతెన దండగ కనుక, ఊళ్లో జనాభా ఉన్నట్టు ఒక ధ్రువపత్రం, ఆ జనాభాకి జీవనోపాధి ఉన్నట్టు ఇంకో ధ్రువపత్రం ఉండాలి. మొదటిది జనాభా నిర్ధారణ విభాగం ఇస్తుంది. రెండోది జీవనోపాధుల ధ్రువీకరణ విభాగం. చైత్రమాసం వెళ్లేలోగా రెండూ రాకపోతే దూలాలు మళ్లీ లారీ ఎక్కుతాయి.

ఇంతేనా, ఉన్న మనుషుల్ని ఉన్నారనడానికి ఎంతసేపు పడుతుంది అనుకున్నాను. ఇరవయ్యేళ్ల సర్వీసు చేసి కూడా అలా అనుకున్నానంటే నన్ను చెప్పుచ్చుకు కొట్టాలి.

జనాభా అధికారి పరాంకుశంగారు మాఘమాసంలో ఒక మధ్యాహ్నం పూట వచ్చారు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, చంకలో ఫైలు. ఇల్లిల్లూ తిరిగి తలుపులు తట్టి, నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఈ గ్రామమందు జనులేరీ?"

"చింతపండు రోజులు కదండీ. అందరూ ఆ కొండ మీద చెట్ల కింద ఉన్నారు. అదిగో, పాటలు ఇక్కడికే వినిపిస్తున్నాయి."

తుమ్మెదమెట్టలో ఎవరి చెట్లు వాళ్లు దులుపుకోరు. ఊరంతా కలిసి ఒకరి చెట్ల కింద చేరుతుంది, అవి అయ్యాక ఇంకొకరివి. ముసలీ ముతకా, చంటిపిల్లలు, మేకలతో సహా పోతారు. ఇళ్లకి తాళాలుండవు. ఇదంతా ఆయనకి వివరించాను.

"పాట వినపడుట సాక్ష్యం కానేరదు," అన్నారాయన. "జనాభా అనగా స్వగృహమందు, కార్యాలయ వేళల్లో, భౌతికంగా లభ్యమగు వ్యక్తులు."

"కార్యాలయ వేళల్లో మీరు మీ ఇంట్లో ఉంటారా సార్?"

"నేను విధి నిర్వహణలో ఉంటాను."

"వాళ్లూ అంతే కదండీ."

"వారికి విధి కలదో లేదో తేల్చవలసినది నా విభాగం కాదు."

ఆయన సొంబారి కుండలో మంచినీళ్లు ముంచుకుని తాగి, మూతి తుడుచుకుని, 'ఇది జనరహిత గ్రామం' అన్న కాగితం ఆవిడ తలుపుకే అంటించి వెళ్లిపోయారు. మనుషుల్లేని ఊళ్లో కుండలోకి నీళ్లెలా వచ్చాయని మాత్రం ఆయనకి అనుమానం రాలేదు.

పొద్దు వాలేసరికి జనం గంపలతో దిగారు. ఊరిపెద్ద పాంగి గాసి ఆ కాగితం నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"అంటే మనం లేమా నర్సమ్మా?"

"లేరట."

"మరి మొన్న సంతలో నాకు పొగాకు అమ్మినోడు ఎవలికి అమ్మినాడు?"

బుద్రి బుట్ట దించి నడుం పట్టుకుని నవ్వింది. "మనం లేకపోతే మరి ఈ కడుపెలాగొచ్చినాదో ఆ బాబునే అడగండి," అంది. ఊరంతా నవ్వింది. నేను కూడా నవ్వాను గానీ, చైత్రానికి ఇంకెన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

వారం తిరక్కుండా రెండో విభాగం దిగింది. హేమసుందరి మేడం మంచి ఉత్సాహవంతురాలు. రంగుల గొడుగు, నల్ల కళ్లద్దాలు. తిన్నగా కొండెక్కి చెట్ల కిందకి పోయారు. చింతకాయలు దులిపేవాళ్లనీ, గింజలు కొట్టేవాళ్లనీ, అడ్డాకుల విస్తర్లు కుట్టేవాళ్లనీ, చీపురు కట్టేవాళ్లనీ అందరినీ ఫోటోలు తీశారు. గాసి చెట్టు కొమ్మ మీద తలకిందులుగా ఉన్నప్పుడు కూడా ఒకటి తీశారు.

"అద్భుతం. క్షేత్రస్థాయిలో జీవనోపాధులు వికసిస్తున్నాయి," అన్నారు.

నా ప్రాణం లేచొచ్చింది. ఆవిడ నివేదిక వచ్చాక మళ్లీ పడుకుంది. సదరు కొండ మీద జీవనోపాధులు పుష్కలంగా కలవు. అయితే సదరు గ్రామం జనరహితమని సోదర విభాగం తేల్చినందున, ఈ జీవనోపాధులు ఎవరికీ చెందనివి. కావున వీటిని అవసరమున్న గ్రామాలకు తరలించు విషయం పరిశీలించదగును.

గాసికి చదివి వినిపిస్తే తల గోక్కున్నాడు. "చింతచెట్లు పెల్లగించి ఎక్కడికి ఒట్టుకుపోతారమ్మా? కష్టం కదా," అన్నాడు. వాళ్ల కష్టం గురించే దిగులు పడ్డాడు తప్ప తన కష్టం గురించి కాదు.

సరే, పరాంకుశంగారికి ఇంట్లో మనుషులు కావాలి కదా, ఒకరోజు ఇళ్లలోనే ఉండండి, నేను వెళ్లి పిలుచుకొస్తాను అన్నాను. ఊరంతా ఇళ్లలో కూర్చుంది. చెప్పినంత తేలికేం కాదు. పనిలేకుండా కూర్చోవడం వాళ్లకి అలవాటు లేదు. సొంబారి ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడుస్తుంటే చీపురు నేనే లాక్కున్నాను. గాసి గడప మీద కూర్చుని, "ఒళ్లు నొప్పులొత్తన్నాయి నర్సమ్మా, ఓ మాత్తరియ్యి," అన్నాడు. చెట్టెక్కినప్పుడు రాని నొప్పులు కూర్చుంటే వచ్చాయి.

పరాంకుశంగారు వచ్చి, గడప గడపకీ ఆగి, ఒక్కొక్క తలనీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. "సంతృప్తికరం. జనాభా సమృద్ధిగా కలదు," అన్నారు. నేను దణ్ణం పెట్టబోతుండగా కొండ మీద నుంచి రంగుల గొడుగు దిగుతూ కనిపించింది. హేమసుందరి మేడం పునఃపరిశీలనకని ఆ రోజే, వేరే దారిన కొండెక్కారు. చెట్ల కింద పిట్ట కూడా లేదు. ఊళ్లోకొచ్చి చూస్తే జనమంతా గడపల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఆవిడ నిజంగా బాధపడ్డారు. "కిందటిసారి అంత చక్కటి జీవనోపాధులు చూశాను. అవన్నీ ఏమైపోయాయి? ఇంత సోమరి గ్రామాన్ని నా సర్వీసులో చూడలేదు," అన్నారు.

"మేడం, ఆ చెట్టు మీద ఫోటో తీశారే, ఆ గాసే ఈయన."

"ఆయన ప్రస్తుతం కూర్చుని ఉన్నారు," అన్నారావిడ. నిజమే కదా.

అలా తేలింది ఏమిటంటే, తుమ్మెదమెట్టకి జనాభా ఉన్నప్పుడు జీవనోపాధి ఉండదు, జీవనోపాధి ఉన్నప్పుడు జనాభా ఉండదు. రెండూ ఒకేపూట ఉంటే తప్ప వంతెన లేదు.

నేను సెలవు పెట్టి ఆఫీసుకి వెళ్లాను. రెండు విభాగాలూ ఒకే వసారాలో పక్కపక్క గదులు. మధ్యలో గోడ పల్చన. ఒకరు దగ్గితే రెండోవారు ఉలిక్కిపడతారు. కానీ ఒక గదిలోంచి ఇంకో గదికి మాట పోవాలంటే జిల్లా ఆఫీసు మీదుగా పోవాలట.

"సార్, వాళ్లు చెట్ల కింద పాకలేసుకుని ఉంటున్నారు. అదే ఇల్లు అనుకోరాదా?" అని పరాంకుశంగారిని అడిగాను.

"పాక గృహం కాదు. గృహమనగా ద్వారమునకు గృహసంఖ్యా ఫలకం కలిగియున్నది. ఫలకమున్న చోట గృహమున్నది. లేనిచోట లేదు."

విసుగెత్తి, ఆ మాటే ఉన్నదున్నట్టుగా గాసికి చెప్పేశాను. గాసి లేచి తన తలుపు దగ్గరికెళ్లి నంబరు రేకు మీద వేలు పెట్టాడు.

"నంబరు రేకు ఎక్కడుందమ్మా? తలుపు మీద. అంటే సర్కారుకి ఇల్లంటే గోడా కాదు, కప్పూ కాదు. తలుపు."

"అనే చెప్పారు."

"ముందే సెప్పొచ్చు కదా," అన్నాడు గాసి.

మర్నాడు తెల్లారేసరికి ఊళ్లో ఒక్క ఇంటికీ తలుపు లేదు. నేను కళ్లు నులుముకుని చూశాను. కొండదారి పొడుగునా తలుపులు నడిచిపోతున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్కరి వీపు మీద. పనసచెక్క తలుపు బరువుకి గాసి కాళ్లు వంకర్లు పోతున్నాయి. సొంబారి తన తలుపు కొడుక్కిచ్చి, దానికింకా అంటుకునే ఉన్న 'జనరహిత గ్రామం' కాగితం చిరిగిపోకుండా కొంగు అడ్డుపెట్టి నడుస్తోంది. సర్కారు కాగితం పాడైతే మళ్లీ అదో తగువు అవుతుందట.

చెట్టుకో తలుపు చొప్పున నిలబెట్టి, కింద రాళ్లు ఊతం పెట్టి, తలుపు వెనకాల కూర్చుని చింతపండు పిక్క తీయడం మొదలెట్టారు. అధికారులిద్దరికీ కబురెళ్లింది. ముందు పరాంకుశంగారు ఆయాసపడుతూ ఎక్కి వచ్చి, మొదటి తలుపు ముందు ఆగి, రేకు మీద నంబరు చదివి ఫైలులో చూసుకుని, తలుపు తట్టారు.

"లోపల ఎవరు?"

"నేనే బావూ, గాసిని. రండి లోనికి."

ఆ తలుపుకి అటూ ఇటూ అడ్డేమీ లేదు. గాసి మొలకి కట్టిన గుడ్డతో సహా కనిపిస్తున్నాడు. పక్కనుంచి రెండడుగులేస్తే లోపలికి రావచ్చు. ఆయన అలా రాలేదు. చెప్పులు విడిచి, గాసి తలుపు పక్కకి జరిపేదాకా ఆగి, తల వంచుకుని లోపలికొచ్చి, "గాలీ వెలుతురూ బాగానే ఉన్నాయి," అన్నారు. అలాగే ప్రతి తలుపూ తట్టి, ప్రతి ఇంట్లోనూ అడుగుపెట్టి లెక్క పూర్తి చేశారు. బుద్రి ఆయనకి అంబలి పోసింది. తాగి, వెళ్లేటప్పుడు తలుపు దగ్గరికి వేసి మరీ వెళ్లారు.

నేను అక్కడే ఉన్న రాయి మీద కూర్చుని కాస్త ఏడ్చాను. సంతోషంతోనే. జనాభా తేలింది. చేతిలో పనీ ఉంది. రెండూ ఒకేచోట, ఒకేపూట.

మధ్యాహ్నానికి హేమసుందరి మేడం వచ్చారు. తలుపుల్ని చూశారు. తలుపుల వెనక చింతపండు కొడుతున్న వాళ్లని చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"వీరు స్వగృహమందు ఉన్నారని సోదర విభాగం ఈ ఉదయమే ధ్రువీకరించింది కదా."

"అవును మేడం. పని కూడా చేస్తున్నారు చూడండి."

"ఇంట్లో చేసే పనిని ఇంటిపని అంటారు," అన్నారావిడ ఎంతో ఓర్పుగా. "ఇంటిపని జీవనోపాధి కాదు."

సొంబారి చింతపిక్కలు కొట్టే రాయి కింద పెట్టింది. "ఏటీ, ఇంట్లో సేసింది పని కాదా?" అంది. ఆ మాట అన్న తీరు చూసి ఊళ్లో మగవాళ్లంతా ఎటో చూడటం మొదలెట్టారు. మేడం మాత్రం ఏమీ గమనించకుండా గొడుగు విప్పుకుని దిగిపోయారు. ఆ సాయంత్రం తలుపులు మళ్లీ వీపులెక్కి కిందికి దిగాయి. ఈలోగా ఇళ్లలోకి దూరిన పక్క ఊరి మేకల్ని బయటికి తోలడానికి చీకటి పడింది.

చైత్రం వచ్చేసింది. గట్టున దూలాలు తుప్పు పట్టడం మొదలెట్టాయి. బుద్రి కడుపు ముందుకొచ్చింది. నాకు రాత్రిళ్లు గెడ్డ హోరు వినిపించేది, ఎండిపోయిన గెడ్డే అయినా. ఆఖరి అవకాశంగా సంయుక్త తనిఖీ అన్నారు. ఇద్దరు అధికారులూ ఒకే రోజు, ఒకే జీపులో. తేదీ చూసి గాసి నాలిక్కరుచుకున్నాడు.

"అది ఇటుకల పండగ కదమ్మా. మగోలు ఊళ్లో ఉండరు."

ఇటుకల పండుగంటే వేట పండుగ. మగాళ్లంతా తెల్లారి అడవికి పోతారు. ఇప్పుడు వేట కూడదు గనక పేరుకే వేట. గెడ్డలో పీత దొరికినా, మట్టిలో దుంప దొరికినా వేటే. ఏదో ఒకటి చేత పట్టుకుని దిగాలి. ఒట్టి చేతులతో దిగినవాడికి ఊరి మొగలో, అంటే ఊళ్లోకొచ్చే దారి మొదట్లో, ఆడవాళ్లు పేడనీళ్లతో స్నానం చేయిస్తారు. పెద్దా చిన్నా చూడరు. కిందటేడు గాసికే అయింది.

"తేదీ మార్చమంటాను," అన్నాను.

"మార్సొద్దు," అంది సొంబారి. పేడ పోగెయ్యడానికి వెళ్లిపోయింది.

ఆ రోజు జీపు దిగగానే అధికారులిద్దరూ, ఊళ్లో మగవాళ్లు లేరని తెలిసి, వాళ్లని వెతుక్కుంటూ అడవిలోకి పోయారు. వద్దన్నా వినలేదు. మధ్యాహ్నమంతా తిరిగారు. అడవిలో మనిషి కనపడాలంటే కనపడటం ఆ మనిషికే ఇష్టమై ఉండాలి. పొద్దు వాలే వేళకి మగవాళ్లు ఒక్కొక్కరే దిగారు. గాసి పీతల దండ మెడలో వేసుకుని దర్జాగా వచ్చాడు. ఒకడు దుంపలు తెచ్చాడు. ఒకడు ఏమీ తేలేదు, నెత్తి మీంచి పచ్చగా కారుతూ నవ్వుకుంటూ పోయాడు. అందరికంటే వెనక పరాంకుశంగారు, హేమసుందరి మేడం దిగారు. గొడుగు చిరిగింది. తెల్లచొక్కాకి పల్లేరుకాయలు.

దారికడ్డంగా వెదురు కర్ర పెట్టి ఆడవాళ్లు నిలబడ్డారు. సొంబారి బిందె పట్టుకుంది. నా చేతికి కూడా ఒక ముంత ఇచ్చారు. నేను పుచ్చుకున్నాను. ప్రభుత్వోద్యోగిని అలా చెయ్యొచ్చా అంటే, చెయ్యకూడదు.

"ఏటి తెచ్చినారు బావూ?" అంది సొంబారి.

"ఏమీ లభ్యం కాలేదు. అడవిలో జనులు శూన్యం," అన్నారు పరాంకుశంగారు.

"ఒట్టి సేతులా?"

"నివేదికలో ఆ మాటే పొందుపరుస్తాం."

బిందె పైకి లేచింది. నేను మధ్యలోకి వెళ్లాను. "సార్, ఇది వీళ్ల ఆచారం, దీనికి మినహాయింపులు లేవు. మీరు దేని వేటకొచ్చారు? మనుషుల వేటకి. ఎదురుగా ఉన్నారు కదా, పట్టుకోండి," అన్నాను.

"వీరు స్వగృహమందు లేరు కదా?"

"ఊరి మొగలో ఉన్నారు. వెనక్కి చూస్తే ఇల్లు, ముందుకు చూస్తే కొండ. మీకు కావలసింది మీరు రాసుకోండి." ఆయన బిందెని చూశారు. చొక్కాని చూసుకున్నారు. జన్మలో మొదటిసారి నిబంధన చూడకుండా వేలెత్తి లెక్కపెట్టడం మొదలెట్టారు. ఆడవాళ్లు, పిల్లలు, పీతలతో గాసి, పేడ కారుతున్నవాడు, ఎవరినీ వదల్లేదు. లెక్క చూసి, "అయింది," అన్నారు.

"అవ్వలేదు," అంది సొంబారి. "మా బుద్రి కడుపులోది?"

"అజాతులు, అనగా ఇంకా జన్మించనివారు, జనాభా నిర్వచనంలోకి రారు."

బిందె మళ్లీ లేచింది.

"వస్తారు," అన్నారాయన.

ఇక మేడం వంతు. ఆవిడ గొంతు సవరించుకుని, "వీరందరూ ప్రస్తుతం ఏ పనీ..." అని మొదలెట్టారు. సొంబారి మెల్లగా ఆవిడ దగ్గరికి నడిచింది.

"తెల్లారగట్ల లేచి పేడెత్తినాం. నీలు మోసినాం. కలిపినాం. అంబలి కాసినాం, పిల్లల్ని సూసినాం. నువ్వొత్తావని నీక్కూడా దాసినాం. ఇది పని కాదంటే సెప్పమ్మా, ఈ బిందె దించేస్తాను. ఎక్కడ దించాలో కూడా సెప్పు."

మేడం పెన్ను తీశారు. చకచకా రాశారు. ఒకరి వీపు మీద ఒకరు కాగితం పెట్టుకుని, వసారాలో ఇన్నేళ్లుగా ముఖాలు చూసుకోనివాళ్లు, సంతకాలు చేసుకున్నారు. చివరి పేరు దగ్గర అలవాటు కొద్దీ మేడం ఆగారు.

"ఈ పుట్టని వ్యక్తి జీవనోపాధి ఏమని రాయాలి?"

బుద్రి ఆవిడ చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టింది. కాసేపటికి మేడం ఉలిక్కిపడ్డారు. ఆ తర్వాత నవ్వారు. ఆవిడకి అంత చక్కటి నవ్వుందని నాకప్పటిదాకా తెలియదు.

"తన్నడం. స్వయం ఉపాధి," అని రాసుకున్నారు.

జ్యేష్ఠంలో వంతెన బిగించారు. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం జోరున వాన. బుద్రికి నొప్పులొచ్చాయని కేక వినపడింది. సంచీ పట్టుకుని పరిగెత్తాను. వాళ్లు అటునుంచి, నేను ఇటునుంచి. వంతెన నడిమధ్య బుద్రి చెయ్యి అందుకున్నాను. కింద గెడ్డ ఎర్రగా పొర్లుతూ తిట్టిపోస్తోంది. నేనూ దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. కిందటేడు నుంచి దాచుకున్నవన్నీ తిట్టాను. ఇవతల మా ఉపకేంద్రంలో ఆడపిల్ల పుట్టింది. శుక్రవారం పుట్టింది కనక సుక్రి అన్నారు.

పిల్లని ఇంటికి తీసుకెళ్లే రోజున సొంబారి, బుద్రి, నేను వంతెన దాటాం. అవతలి కొసన కుర్చీలేసుకుని ఇద్దరు కొత్త అధికారులు కూర్చున్నారు, టిఫిన్ డబ్బాలు కడుక్కుంటూ. వంతెన వినియోగ నిర్ధారణ విభాగమట. పొద్దుట్నుంచీ కూర్చున్నా ఒక్క మనిషీ దాటలేదట.

"వరి ఊడ్పుల రోజులండీ. జనమంతా కొండ పొలాల్లో ఉన్నారు. ఇప్పుడు మేం దాటాం కదా," అన్నాను.

"మీరు దాటినది భోజన విరామంలో," అన్నాడు వాళ్లలో పెద్దాయన. "వంతెన నిరుపయోగం. విప్పి, అవసరమున్న చోటికి తరలించదగును. ఇక్కడ మాకు నమోదు చేసుకోదగినది ఏమీ లభించలేదు."

సొంబారి నిలబడిపోయింది. పిల్లని నా చేతిలో పెట్టి, చీర కుచ్చెళ్లు ఎగదోపి, ఊళ్లోకి బయల్దేరింది.

"ఎక్కడికమ్మా? ఇది ఇటుకల పండుగ కాదు కదా," అన్నాను.

"ఒట్టి సేతుల్తో పోయేవోలు ఒచ్చినారు కదా," అంది వెనక్కి తిరక్కుండా. "పండగదేముంది, అదే ఒత్తాది."

నేను సుక్రిని తల్లికిచ్చి, ముంత తేవడానికి ఆవిడ వెనకే వెళ్లాను.